కాంపౌండర్ చేతులు

ఆర్మూరులో ఎవరింట్లో ఏ కూర వండారో మధ్యాహ్నానికల్లా బజారుకు తెలిసిపోయేది గానీ, దవాఖానలో ఎవరికి ఏ మందిచ్చారో మాత్రం చచ్చినా తెలిసేది కాదు. దానికి కారణం కాంపౌండర్ భూమేశ్వర్. పదకొండేళ్ళుగా ఆ దవాఖానలో సీసాల్లో మందు పోస్తున్నాడు, పుండ్లు కడుగుతున్నాడు, సూదులు వేస్తున్నాడు. ఊళ్ళో సగం మంది ఒళ్ళు అతనికి తెలుసు. అయినా ఫలానావాడికి ఫలానా జబ్బని నోరు జారిన పాపాన పోలేదు. కన్నతల్లి భాగ్యవ్వ అన్నం వడ్డిస్తూ, "గా పోచన్న పెండ్లం దవాఖానకు ఎందుకొచ్చిందిరా?" అని ఆరా తీస్తే, "నాకెర్క లేదవ్వా, పప్పు జర ఎయ్యి" అనేవాడు. ఆమెకు ఒళ్ళు మండేది. కొడుకు దవాఖానలో ఉండి ఏం ఫాయిదా అని గరిటెతో కుండను గట్టిగా కొట్టేది.

తన నోటి మీద భూమేశ్వర్‌కు కాస్త గర్వం ఉండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది. దారిలో ఎదురైనవాళ్ళు తనను చూసి తల వంచుకుంటే, చూశావా, నా కడుపులో ఎన్ని గుట్లు ఉన్నాయో అని లోలోపల మురిసిపోయేవాడు.

అతని నోరు ఎంత పేరు పొందిందో, అతను చేతులు కడుక్కునే తీరూ అంతే పేరు పొందింది. జ్వరం వచ్చినవాణ్ణి ముట్టుకుంటే మామూలుగా రెండు చెంబుల నీళ్ళు పోసుకునేవాడు. చీము పట్టిన పుండునో, అంటురోగినో ముట్టుకున్నాడా, ఇక చూడాలి. దవాఖాన వసారాలో నిలబడి మోచేతుల దాకా సబ్బు రాసి, వేలుకూ వేలుకూ మధ్య తోమి, మూడుసార్లు నీళ్ళు పోసుకుని, ఆపైన రెండు చేతులూ మొహం ఎదుట పైకెత్తి గాలికి ఆరబెట్టేవాడు. తువ్వాలు ముట్టేవాడు కాదు. అలా నేర్పింది డాక్టర్ సాబు. వరసలో కూర్చున్న జనం అది చూసి, "కాంపౌండర్ మోచేతుల దాంక కడిగిండు, జర దూరం జరుగుండ్రి" అని నవ్వుకునేవాళ్ళు. భూమేశ్వర్ కూడా నవ్వేవాడు.

పంతొమ్మిదివందల నలభై మూడులో దసరా వెళ్ళిన వారానికి, ఎండవేళ, దవాఖాన వెనక తలుపు తట్టి వెంకటరాజం వచ్చాడు.

వెంకటరాజం పసుపు దళారి. ఆర్మూరు పసుపు బజారులో రైతుకూ సేటుకూ నడుమ బేరం కుదర్చడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ బేరం నోటితో జరిగేది కాదు. దళారి తన మోచేతి మీద కండువా పరిచేవాడు. కొనే సేట్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి కండువా కింద చేయి దూర్చి, అతని వేళ్ళు పట్టుకుని, నొక్కి, తాము పెట్టే ధర చెప్పేవాళ్ళు. ఒకడి ధర ఇంకొకడికి తెలియదు. చివరికి దళారి అదే కండువా కింద రైతు చేయి పట్టుకుని, వచ్చిన మంచి ధర వేళ్ళతోనే చెప్పేవాడు. వెంకటరాజం వేళ్ళు అబద్ధమాడవని ధర్పల్లి దాకా పేరు. రోజుకు వంద చేతులు పట్టుకుంటే గానీ అతనికి కూడు పుట్టదు.

ఆ రోజు అంగీ విప్పి వీపు చూపించాడు. కుడి భుజం వెనక రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద మచ్చ. డాక్టర్ సాబు దూదితో రాశాడు, తెలియలేదు. సూదిమొనతో గుచ్చాడు, తెలియలేదు. వెంకటరాజం గిర్రున ఇటు తిరిగాడు.

"పెద్దరోగమా సాబ్? కుష్టమా?"

"అదే. కానీ మొదట్లనే వచ్చినవు. నీది ముట్టుకుంటే అంటేటి రకం కాదు. రెండేళ్ళు ప్రతి గురువారం రావాలె, నాగా చేయొద్దు. నాగా చేస్తే మాత్రం రేపు నీ వేళ్ళకు కూడ గిట్లనే స్పర్శ పోతది."

వెంకటరాజం తన వేళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత భూమేశ్వర్ వంక చూశాడు. "భూమన్నా, ఈ ముచ్చట బజార్ల తెలిస్తే నా కండువ కింద చెయ్యి పెట్టెటోడు ఒక్కడుండడు. నన్ను సంపినా ఒకటే, గది చెప్పినా ఒకటే."

"నా నోట్లకెల్లి రాదు రాజన్నా. మా అవ్వ మీద ఒట్టు" అన్నాడు భూమేశ్వర్.

డాక్టర్ సాబు రిజిస్టర్లో మారుపేరు రాశాడు. గురువారం ఎండవేళ, బజారు కునుకు తీసే సమయంలో, వెనక తలుపు నుంచి రావడమని ఏర్పాటయింది. ఆ రోగానికి అప్పట్లో ఉన్న మందు ఒక చెట్టుగింజల నూనె. దాన్ని మచ్చ చుట్టూ చర్మంలోకి సూదితో ఎక్కించాలి. మంట పుడుతుంది. వెంకటరాజం పళ్ళు బిగబట్టి ఓర్చుకునేవాడు. పని కాగానే భూమేశ్వర్ లోపలి గదిలో మోచేతుల దాకా చేతులు కడుక్కునేవాడు. అయిదు నెలలు ఒక్క గురువారం తప్పలేదు. ఫాల్గుణం వచ్చేసరికి మచ్చ అంచున సూది గుచ్చితే, "సుర్రుమన్నది!" అన్నాడు వెంకటరాజం. ఆ మాట విని ముగ్గురూ నవ్వారు. డాక్టర్ సాబైతే అతని వీపు చరిచాడు.

సరిగ్గా ఆ నెలలోనే భాగ్యవ్వ పసుపు బజారుకొచ్చింది. భూమేశ్వర్‌కు ఊరి బయట కొద్దిపాటి చెలక భూమి ఉంది. ఆ ఏడు పదకొండు బస్తాల పసుపు పండింది. ఎప్పటిలాగే వెంకటరాజం దగ్గరే బేరం. కొడుకు సెలవు పెట్టి బండి వెంట వచ్చాడు. యుద్ధం రోజులు, ధర బాగుంది, బజారు కిటకిటలాడుతోంది. బస్తాలు విప్పి కుప్పలు పోశారు. సేట్లు కొమ్ములు విరిచి రంగు చూస్తున్నారు.

వెంకటరాజం కండువా పరిచాడు. అయిదుగురు సేట్లు వచ్చి చేయి దూర్చి వెళ్ళారు. ఆఖరున వచ్చినవాడు దేవిదాస్ సేటు, బజారులో పెద్ద కొనుగోలుదారు. అతను కండువా కింద చాలాసేపు వేళ్ళు నొక్కాడు, తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ నొక్కాడు. వెంకటరాజం నవ్వి భూమేశ్వర్‌ను పిలిచాడు. భూమేశ్వర్ ఏ మాత్రం జంకకుండా కండువా కింద చేయి పెట్టాడు. ఎందుకు జంకుతాడు? అయిదు నెలలుగా ముట్టుకుంటున్న ఒళ్ళే కదా. వెంకటరాజం వేళ్ళు ధర చెప్పాయి. ఆ ధర అతను అనుకున్నదానికంటే ఎక్కువే. "ఖాయం" అన్నాడు భూమేశ్వర్. సంబరంగా చేయి బయటికి తీశాడు.

తీసి, నేరుగా గోలెం దగ్గరికి నడిచాడు.

బజారు మూలన పశువులకూ మనుషులకూ నీళ్ళు నింపిపెట్టే పెద్ద గోలెం ఉంది. పక్కనే చాయ్ పొయ్యి. భూమేశ్వర్ మనసు ఇంకా ధర లెక్కలోనే ఉంది. అవ్వకు కొత్త చీర కొనాలి, చెలకకు కంచె వేయాలి అనుకుంటున్నాడు. చేతులు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి. పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీశాడు. మోచేతుల దాకా రాశాడు. వేలుకూ వేలుకూ మధ్య తోమాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు నీళ్ళు పోసుకున్నాడు. ఇటు తిరిగి, రెండు చేతులూ మొహం ఎదుట పైకెత్తి నిలబడ్డాడు.

బజారు మాట్లాడటం ఆపేసింది.

భూమేశ్వర్‌కు మొదట అర్థం కాలేదు. ఎందుకు అందరూ తనవైపే చూస్తున్నారు? వెనకాల ఏదైనా పాము కనబడిందా అని తిరిగి చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ ఇటు తిరిగేసరికి, పైకెత్తిన తన చేతులు తన కళ్ళకే కనబడ్డాయి. మణికట్టు నుంచి నీళ్ళు మోచేతికి జారుతున్నాయి. గభాలున చేతులు కిందికి దించాడు.

"ఏంది కాంపౌండర్" అన్నాడు దేవిదాస్ మెల్లగా. "గింత గనం కడుగుతున్నవేంది?"

"పసుపు... పసుపు అంటింది సేటూ."

ఆ బజారులో పసుపు అంటని చేయి ఒక్కటి లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి పసుపులో పెరిగినవాడు పసుపంటిందని బూడిదతో తోముకుంటున్నాడట! పైగా బూడిదకూ నీళ్ళకూ లొంగక ఆ పచ్చదనం అరచేతుల్లో అలాగే ఉంది. భూమేశ్వర్ ఇంకో అబద్ధం వెతుక్కున్నాడు. "నాకు గజ్జి లేశింది. ఎవ్వలకు అంటొద్దని..."

"గట్లయితే ముందుగాల కడుక్కోవాలె గద. చెయ్యి పెట్టినంక ఎందుకు కడిగినవ్?"

పదకొండేళ్ళు నోరు మూసుకోవడమే నేర్చుకున్నాడు గానీ అవసరానికి ఒక్క అబద్ధం అల్లడం నేర్చుకోలేదు. అదే చాలింది బజారుకు. దేవిదాస్ తన కుడి చేతిని తానే కొత్తగా చూసినట్టు చూసుకున్నాడు. ఇప్పుడే కదా ఆ చేయి వెంకటరాజం వేళ్ళను నొక్కి వచ్చింది. ఒక్క ఉదుటున గోలెం దగ్గరికి పరుగెత్తాడు. బూడిద తీసుకున్నాడు. మోచేతుల దాకా రాసుకున్నాడు. అతని వెనక ఇంకో సేటు. ఆ వెనక మిగతా ముగ్గురు. పొద్దుట్నుంచి వెంకటరాజం దగ్గర బేరం చేసుకున్న రైతులు కుప్పలు వదిలేసి ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. చాయ్ పొయ్యిలో బూడిద అయిపోతే మన్ను తీసుకుని రుద్దుకున్నారు. పచ్చటి పసుపు కుప్పల నడుమ బజారు బజారంతా చేతులు కడుక్కుంటోంది.

వెంకటరాజం ఉన్నచోటే నిలబడ్డాడు. మోచేతి మీద కండువా అలాగే పరిచి ఉంది. దాని కింద అతని చేయి ఒక్కటే ఉంది.

"ఏమైందిరా? గీళ్ళకేమైంది?" అని భాగ్యవ్వ కొడుకు భుజం పట్టి కుదిపింది. వెంకటరాజం కండువా మడిచి భుజాన వేసుకున్నాడు. భాగ్యవ్వతో, "అవ్వా, నీ బేరం ఇంకోలతోని చేపిచ్చుకో" అన్నాడు. భూమేశ్వర్ పక్కనుంచి వెళుతూ ఒక్క క్షణం ఆగాడు.

"నీకు నేనేమన్న తక్కువ జేసిన్నా భూమన్నా?"

"రాజన్నా, నేను చెప్పలే! మా అవ్వ మీద ఒట్టు, ఒక్క మాట చెప్పలే!"

"అవు" అన్నాడు వెంకటరాజం. "నువ్వు చెప్పలే." జనం అతనికి దారి ఇచ్చారు. ఎంత దారి ఇచ్చారంటే, రెండు బండ్లు పక్కపక్కన పోయేంత.

భూమేశ్వర్ దవాఖానకు పరుగెత్తి డాక్టర్ సాబు ముందు గోడుగోడున ఏడ్చాడు. చేతులు తెగ్గోసుకోవాలని ఉందన్నాడు. సాబు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తిట్టలేదు, ఓదార్చలేదు. ఒకే మాట అడిగాడు. "గురువారం వస్తడా?"

గురువారం దాకా భూమేశ్వర్‌కు ముద్ద దిగలేదు. బజారులో పుకార్లు పెరిగాయి. క్షయ అన్నారు, సుఖరోగమన్నారు, పెద్దరోగమన్నారు, ఎవడో చేతబడి అన్నాడు. అందరూ కాంపౌండర్ మొహం చూడటానికే దవాఖానకొచ్చి, లేని కడుపునొప్పి చెప్పి పోతున్నారు. అతను మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక మందుసీసాల అలమారు వైపు తిరిగి నిలబడుతున్నాడు.

గురువారం ఎండవేళ సూది ఉడకబెట్టి, నూనె సీసా తీసి పెట్టాడు. రాడు, రాడని మనసు చెబుతూనే ఉంది. అంతలో వెనక తలుపు చప్పుడైంది. భూమేశ్వర్ ప్రాణం లేచొచ్చింది. "రాజన్నా!" అంటూ తలుపు తీశాడు.

వెంకటరాజం భార్య వసుమతి నిలబడి ఉంది. ఎండలో నడిచొచ్చిన మొహం కందిపోయింది.

"భూమన్నా, ఆయనకు ఏం రోగం?"

భూమేశ్వర్ బిత్తరపోయాడు. అయితే ఈమెకు తెలియదా? ఇంట్లో చెప్పానని వెంకటరాజం డాక్టర్ సాబుతో అన్నాడే! "రాజన్న ఏడి వదినె?"

"సోమారం పొద్దుగూకంగ ఇంటికొచ్చి బట్టలు మూటగట్టుకున్నడు. నిజామాబాద్‌ల పనున్నదన్నడు. మూడొద్దులాయె. మా తమ్ముడు పోయి తిరిగొచ్చిండు, ఆడ లేడు. బజార్ల తలా ఓ తీరు అంటున్నరు. నువ్వు చెప్పు. ఏం రోగమో తెలిస్తే యాడికి పోయిండో తెలుస్తది."

"వదినె... రోగి చెప్పుమనకుండ మేం చెప్పరాదు. దవాఖాన కాయిదా."

వసుమతి అతన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. గొంతు పెంచలేదు. "బజారంతకు చెప్పినవ్ గద భూమన్నా. నా ఒక్కదానికి చెప్పరాదా?"

చెంప ఛెళ్ళుమనిపించినా అంత తగిలేది కాదు. భూమేశ్వర్ గోడకు ఆనుకున్నాడు. పదకొండేళ్ళలో మొదటిసారి నోరు విప్పాడు. మచ్చ సంగతి, గురువారాల సంగతి, తగ్గుతున్న సంగతి, ముట్టుకుంటే అంటదన్న సంగతి, అన్నీ చెప్పాడు. వసుమతి గడప మీద కూలబడిపోయింది.

"మచ్చ నేను చూసిన" అంది. "తామర అన్నడు. దసర సంది అరుగు మీద పంటుండు. ఎందుకంటే బస్తాలకు కావలి అన్నడు. నేను ఇంకోటి అనుకున్న భూమన్నా. ఇంకెవతెనో పెట్టుకున్నడనుకున్న. ఐదు నెలలు ఆయన తోటి మంచిగ మాట్లాడలే." నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏమని ఓదార్చాలో తెలియక భూమేశ్వర్ ఆమెకు చెంబుతో నీళ్ళిచ్చాడు. ఆమె తాగలేదు.

ఆ రోగానికి ఆ చుట్టుపక్కల పెద్ద దవాఖాన డిచ్‌పల్లి దగ్గర ఉంది. వెళితే అక్కడికే వెళ్ళి ఉండాలి. డాక్టర్ సాబుతో చెప్పి, మర్నాడు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. యుద్ధంలో పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు అది. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆగిపోయేది, జనం దిగి నడిచేవాళ్ళు. దిగిన ప్రతిసారీ వసుమతి అందరికంటే ముందు నడిచేది.

గేటు దగ్గర ముసలి కావలివాడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. భూమేశ్వర్ తాను ఫలానా దవాఖాన కాంపౌండర్‌నని చెప్పి, ఆర్మూరు వెంకటరాజం సోమవారమో మంగళవారమో వచ్చి చేరాడా అని అడిగాడు.

"గీడ ఎవరున్నరో ఎవరు లేరో బయటోళ్ళకు చెప్పం" అన్నాడు ముసలివాడు.

"నేను బయటోణ్ణి కాదు పెద్దమనిషీ, దవాఖానోణ్ణే. ఆయనకు సూది వేసింది నేనే."

"ఎవలకైన చెప్పం."

"గీమె ఆయన భార్య."

ముసలివాడు వసుమతి వైపు తిరిగి లేచి నిలబడ్డాడు. మాట మాత్రం మారలేదు. "తల్లీ, నువ్వు చెప్పేదేమన్న ఉంటే చెప్పు. గా పేరుగల్లాయన లోపటుంటే ముడుతది. లేకుంటే నా దగ్గర్నే ఉంటది. ఉన్నడో లేడో మాత్రం నన్నడగకు."

భూమేశ్వర్ ముసలివాడి మొహంలోకి తేరిపార చూశాడు. కనుబొమ ముడిపడుతుందేమో, చూపు లోపలికి పోతుందేమో, పెదవి కదులుతుందేమో అని వెతికాడు. ఏమీ లేదు. చేతులు కూడా మోకాళ్ళ పక్కన ఊరకే వేలాడుతున్నాయి. పదకొండేళ్ళు నేను దాచాననుకున్నది ఏమిటి మరి? ఎన్నిసార్లు ఎవరెవరి ముందు ఈ చేతులు పైకెత్తాను? వసారాలో నవ్విన జనం దేనికి నవ్వారు? ఆ వరసలోంచి లేచి వెళ్ళిపోయి మళ్ళీ రానివాళ్ళు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. గేటు ఊచ పట్టుకున్నాడు.

వసుమతి కావలివాడితో మాట్లాడుతోంది. "ఉంటే చెప్పు తాతా. వసుమతి వచ్చింది, కోపం లేదు అని చెప్పు. ఇంటికి రమ్మంటలేను, మందు అయినంకనే రమ్మను. ఒక్కసారి మొహం చూసి పోత అని చెప్పు. నేను గీడ్నే కూసుంట." గేటు ఎదుట గడ్డి మీద కూర్చుంది. భూమేశ్వర్ కూడా పక్కన కూర్చోబోయాడు.

"నువ్వు పో భూమన్నా" అంది ఆమె. తిట్టినట్టు లేదు, బతిమాలినట్టుంది. "నువ్వుంటే ఆయన బయటికి రాడు."

భూమేశ్వర్ నడుం సగం వంచినవాడు వంచినట్టే లేచాడు. బస్సు రోడ్డు వైపు నడిచాడు. నూరడుగులు పోయాడో లేదో, వెనకాల గేటు గొళ్ళెం తీసిన చప్పుడైంది. ఎవరో నడుస్తున్న అడుగులు వినబడ్డాయి. ఆ అడుగులు ఆగాయి. వసుమతి గొంతు ఏదో అంది, మాటలు తెలియలేదు.

వెంకటరాజమేనా? బతికున్నాడా, బాగున్నాడా? ఒక్కసారి తల తిప్పితే తెలిసిపోతుంది. మెడ దానంతట అదే తిరగబోయింది. ఆర్మూరులో దేవిదాస్ ఎదురుపడి, "రాజం యాడున్నడు కాంపౌండర్?" అని అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. చూసింది దాస్తుందని తన మొహాన్ని తాను ఇక నమ్మలేడు. భూమేశ్వర్ రెండు చేతులతో తన తలను ముందుకే పట్టుకుని, ఏడుస్తూ, రోడ్డు దాకా తిరిగి చూడకుండా నడిచాడు.